నాలుగు పరమాణువుల వలయం: పెన్సిలిన్ చంపేదీ, ఓడేదీ, పడనిదీ అక్కడే

మెడికల్ షాపుకి వెళ్ళి "సిక్స్ ట్వంటీఫైవ్ ఇవ్వండి" అంటే చాలు, మందు పేరు చెప్పక్కర్లేదు. పంటి నొప్పికీ, గొంతు నొప్పికీ, చీము పట్టిన గాయానికీ తెలుగు ఊళ్ళలో అంతగా నోళ్ళలో నానిన బిళ్ళ అది. ఆ 625లో రెండు మందులున్నాయి. 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్. ఇది పెన్సిలిన్ కుటుంబంలోది, బాక్టీరియాను చంపేది ఇదే. మిగతా 125 మిల్లీగ్రాములు క్లావులానిక్ ఆసిడ్. దీనికి సొంతంగా బాక్టీరియాను చంపే శక్తి దాదాపు లేదు. అమాక్సిసిలిన్‌ని బాక్టీరియా విరగ్గొట్టకుండా కాపలా కాయడమే దీని పని.

చంపడానికి వెళ్ళే మందుకి కాపలా ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఆ మందు అణువులో ఒకే ఒక్క చోటును చూడాలి. మూడు కార్బన్లు, ఒక నైట్రోజన్ కలిసిన నాలుగు మూలల చిన్న వలయం. దాని పేరు బీటా-లాక్టమ్. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్, సెఫిక్సిమ్, సెఫ్‌ట్రియాక్సోన్, ఐసీయూల్లో వాడే మెరోపెనెమ్, అన్నింటిలోనూ ఈ వలయం ఉంటుంది. ఈ పరమాణువులు మామూలుగా 109 లేదా 120 డిగ్రీల కోణంలో ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. నాలుగు మూలల వలయంలో ఇరుక్కున్నప్పుడు దాదాపు 90 డిగ్రీలకు వంగాల్సి వస్తుంది. వంచి పట్టుకున్న వెదురు బద్ద ఎప్పుడెప్పుడు విడిపోదామా అని చూసినట్టు ఈ వలయం కూడా తెరుచుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. తెరుచుకున్నప్పుడు పక్కన ఏది దొరికితే దానికి అతుక్కుంటుంది.

ఎవరికి అతుక్కుంది అన్నదాన్ని బట్టే కథ మారుతుంది. బాక్టీరియా గోడ కట్టే ఎంజైముకి అతుక్కుంటే బాక్టీరియా చస్తుంది. బాక్టీరియా పంపిన మరో ఎంజైము దాన్ని నీటితో కలిపి తెరిచేస్తే మందు చస్తుంది. మన రక్తంలోని ప్రోటీనుకి అతుక్కుంటే ఎలర్జీకి బీజం పడుతుంది. ఈ మూడింటినీ మూడు వేరు వేరు సంగతులుగా చెప్పుకోవడం అలవాటైపోయింది. నిజానికి ఇవి ఒకే రసాయన చర్యకు మూడు ముఖాలు. కలిపి చూస్తేనే "పెన్సిలిన్ పడదు" అనే మాటకీ, ఐసీయూలో ఏ మందుకీ లొంగని ఇన్ఫెక్షన్‌కీ ఉన్న సంబంధం బోధపడుతుంది.

పడుగు, పేక

బాక్టీరియా కణంలో లవణాలు, చక్కెరలు, ప్రోటీన్లు కిక్కిరిసి ఉంటాయి. అందుకే బయటి నీరు ఎప్పుడూ లోపలికి చొరబడుతూనే ఉంటుంది. స్టాఫిలోకాకస్ లాంటి బాక్టీరియాలో ఒత్తిడి 20 అట్మాస్ఫియర్ల వరకూ ఉంటుంది, అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు పది రెట్లు. అంత ఒత్తిడికి పగిలిపోకుండా దాన్ని నిలబెట్టేది చుట్టూ ఉన్న పెప్టిడోగ్లైకాన్ గోడ.

గోడ అన్నా అది ఇటుకల కట్టడంలా ఉండదు, నేసిన గుడ్డలా ఉంటుంది. చక్కెర అణువుల పొడవాటి గొలుసులు పడుగు. ఆ గొలుసుల నుంచి వేలాడుతూ పక్క గొలుసుతో ముడిపడే చిన్న చిన్న అమైనో ఆమ్లాల పోగులు పేక. ఈ ముడులు వేసే నేతగాళ్ళు కొన్ని ఎంజైములు. పెన్సిలిన్ వీటికే వెళ్ళి అతుక్కుంటుంది కాబట్టి శాస్త్రవేత్తలు వీటిని పెన్సిలిన్ బైండింగ్ ప్రోటీన్లు అన్నారు, పొట్టిగా పీబీపీలు.

ముడిపడని ప్రతి పోగు చివర అలనిన్ అనే అమైనో ఆమ్లాలు రెండు ఉంటాయి. అవి మన శరీరంలోని ప్రోటీన్లలో ఉండే ఎల్-అలనిన్‌లు కావు, వాటి అద్దపు ప్రతిబింబాలైన డి-అలనిన్‌లు. ఎంజైము ఆ కొసను పట్టుకుని, చివరి అలనిన్‌ని తెంచి, మిగిలిన పోగును క్షణకాలం తనకే అతికించుకుని, తర్వాత పక్క గొలుసుకి ముడి వేసి వదిలేస్తుంది. పెన్సిలిన్ అణువు ఆకారం ఆ రెండు డి-అలనిన్‌ల కొసను పోలి ఉంటుందని 1965లో డొనాల్డ్ టిప్పర్, జాక్ స్ట్రోమింజర్ ప్రతిపాదించారు. ఎంజైము పోగు అనుకుని పెన్సిలిన్‌ని పట్టుకుంటుంది. వలయం విప్పారి ఎంజైముకి అతుక్కుంటుంది. అసలు పోగైతే క్షణంలో ఊడి వచ్చేది. ఇదైతే గంటల తరబడి వదలదు. నేతగాడి చేయి మగ్గంలో ఇరుక్కుపోయినట్టే.

ఇక్కడ బాక్టీరియాకు మరో చిక్కు ఉంది. పెరగాలంటే పాత గోడను తన కత్తెరలతో తానే అక్కడక్కడా కోసుకుంటూ కొత్త పోగులు చేర్చాలి. కోత సాగుతూ ముడి ఆగిపోతే గోడ బలహీనపడి లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. హార్వర్డ్ మెడికల్ స్కూల్ పరిశోధకులు 2014లో ఈ.కోలైలో ఇంకో సంగతి చూపించారు. ముడి ఆగినా గొలుసుల తయారీ ఆగదు. ముడిపడని గొలుసులు తయారవుతూ, వెంటనే ముక్కలవుతూ ఉంటాయి. బాక్టీరియా తన సరుకంతా ఈ దండగ పనికే ఖర్చుపెట్టుకుంటుంది. గోడ కట్టే యంత్రాన్ని పెన్సిలిన్ ఆపడమే కాదు, దాన్ని ఆ కణం మీదికే తిప్పుతుందన్నమాట.

ఈ నేత కథ అర్థమైతే డాక్టర్లు చెప్పే చాలా విషయాలు బట్టీ పట్టకుండానే తెలిసిపోతాయి. మన కణాలకు ఈ గోడే లేదు. అందుకే పెన్సిలిన్‌ని పెద్ద మోతాదుల్లో ఇచ్చినా మన కణాలను అది నేరుగా దెబ్బతీయడం చాలా తక్కువ. వైరస్‌కీ గోడ లేదు, కాబట్టి జలుబుకి, ఫ్లూకి, డెంగీకి ఈ బిళ్ళలు వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. న్యుమోనియా తెచ్చే మైకోప్లాస్మా అనే బాక్టీరియాకీ గోడ ఉండదు, దానికి వేరే మందులు కావాలి. పెరగకుండా నిద్రాణంగా ఉన్న బాక్టీరియా గోడ నేయదు కాబట్టి పెన్సిలిన్ నుంచి తప్పించుకోగలదు.

ఈ చివరి మాటకు ఒక విషాదకరమైన రుజువు ఉంది. యాంటీబయాటిక్ అనగానే తెలుగువాళ్ళకు గుర్తొచ్చే పేరు యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన పరిశోధనలకు నాయకత్వం వహించిన లెడర్లీ ప్రయోగశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. అది గోడ జోలికి పోదు, బాక్టీరియాలో ప్రోటీన్ల తయారీని ఆపి పెరుగుదలను నిలబెడుతుంది. ఎన్నో ప్రాణాలు కాపాడిన గొప్ప మందు. కానీ 1951లో అమెరికాలో లెప్పర్, డౌలింగ్ అనే వైద్యులు న్యుమోకాకస్ అనే బాక్టీరియా వల్ల మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వచ్చిన రోగుల వివరాలు ప్రచురించారు. పెన్సిలిన్ ఒక్కటే ఇచ్చినవాళ్ళలో 30 శాతం మంది చనిపోతే, రెండు మందులూ కలిపి ఇచ్చినవాళ్ళలో 79 శాతం మంది చనిపోయారు. రెండో గుంపు చిన్నదే అయినా తేడా చాలా పెద్దది. ఆరియోమైసిన్ పెరుగుదలను ఆపేసరికి పెన్సిలిన్‌కి పట్టుకోవడానికి నేత పని దొరకలేదు. రెండు రకాల యాంటీబయాటిక్‌లు కలిపి ఇస్తే జబ్బు రెండింతలు త్వరగా తగ్గుతుందన్న నమ్మకం మన దగ్గర ఇప్పటికీ బలంగా ఉంది. అది అన్నిసార్లూ నిజం కాదు.

మూత్రంలోంచి తీసిన మందు

1928 సెప్టెంబరులో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పళ్ళెంలో బూజు పడడం, దాని చుట్టూ స్టాఫిలోకాకస్ కరిగిపోవడం అందరూ చదివిన కథే. దాన్ని మందుగా మార్చింది మాత్రం పదేళ్ళ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చెయిన్, నార్మన్ హీట్లీ. 1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ ఎక్కించి, నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. తెల్లారేసరికి ఇవ్వని నాలుగూ చనిపోయాయి. 1941 ఫిబ్రవరిలో మొదటిసారి చికిత్సగా ఒక రోగికి, ముఖమంతా ఇన్ఫెక్షన్ పాకిన ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకి, ఇచ్చారు. జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. ఇంతలో మందు అయిపోయింది. అతని మూత్రంలోంచి పెన్సిలిన్‌ని తిరిగి వెలికితీసి మళ్ళీ ఎక్కించారు. అదీ అయిపోయాక ఇన్ఫెక్షన్ తిరగబెట్టి మార్చిలో చనిపోయాడు.

మూత్రంలోంచి తీయడం చరిత్రలో వింతగా కనిపించవచ్చు గానీ అందులో మోతాదు సూత్రమంతా ఉంది. మూత్రపిండాలు పెన్సిలిన్‌ని చాలా వేగంగా బయటికి పంపేస్తాయి. గంటలోపే రక్తంలో మందు సగానికి పడిపోతుంది. పైగా ఈ కుటుంబపు మందులు ఎంత ఎక్కువగా ఉన్నాయన్నదాని కంటే, కావలసినంత మోతాదు ఎంతసేపు నిలిచి ఉందన్నది ముఖ్యం. గోడ నేత రోజంతా సాగుతుంది కాబట్టి అడ్డం కూడా రోజంతా ఉండాలి. ఎనిమిది గంటలకోసారి రాసిన అమాక్సిసిలిన్‌ని పొద్దున మర్చిపోయానని రాత్రికి రెండు కలిపి వేసుకుంటే సరిపోనిది అందుకే. మధ్యలో మందు లేని గంటల్లో బాక్టీరియా మళ్ళీ మగ్గం మీద కూర్చుంటుంది.

1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసంలో ఫ్లెమింగ్ సరిగ్గా దీన్నే హెచ్చరించాడు. చాలీచాలని మోతాదు వేసుకునే మనిషి తన బాక్టీరియాకు పెన్సిలిన్‌ని తట్టుకోవడం నేర్పుతాడని, ఆ బాక్టీరియా అతని నుంచి ఇంకొకరికి పాకుతుందని ఒక కథలా చెప్పాడు. అయితే ఎంత ఎక్కువ రోజులు వేసుకుంటే అంత మంచిదని కాదు. మందు మింగిన ప్రతి రోజూ జబ్బు చేసిన బాక్టీరియాతో పాటు పేగుల్లోని కోట్లాది మంచి బాక్టీరియా కూడా ఆ పరీక్ష రాస్తుంది, తట్టుకున్నవే మిగులుతాయి. చాలా జబ్బులకు ఇప్పుడు కోర్సు రోజులు తగ్గిస్తున్నది అందుకే. డాక్టరు ఐదు రోజులన్నప్పుడు మూడో రోజు మానకూడదు. మిగిలాయి కదా అని దాచి ఆరు నెలల తర్వాత వేసుకోనూ కూడదు.

కోసే ఎంజైము

ఇప్పుడు 125 మిల్లీగ్రాముల సంగతి. 1940లో, అంటే పెన్సిలిన్ ఒక్క రోగికీ అందకముందే, ఎడ్వర్డ్ అబ్రహాం, ఎర్నెస్ట్ చెయిన్ ఈ.కోలై నుంచి పెన్సిలిన్‌ని నాశనం చేసే ఎంజైమును గుర్తించారు. దాన్నే ఇప్పుడు బీటా-లాక్టమేజ్ అంటున్నాం. మందు కంటే ముందే విరుగుడు ఎలా పుట్టింది? మందు కూడా కొత్తది కాదు కాబట్టి. పెన్సిలిన్ బూజు మట్టిలో తన పొరుగు బాక్టీరియా మధ్య యుగాలుగా బతుకుతోంది, ఆ పొరుగువాళ్ళూ యుగాలుగా ఎదుర్కొంటూనే ఉన్నారు. కెనడాలోని యూకాన్‌లో 30,000 ఏళ్ళ నాటి గడ్డకట్టిన మట్టిలో బీటా-లాక్టమేజ్ జన్యువులు దొరికాయని 2011లో ప్రచురించారు. నిరోధక శక్తిని మనం సృష్టించలేదు. దాన్ని ఏరి, పెంచి, ఊరూరా పంచాం.

చాలా బీటా-లాక్టమేజ్‌లకు పూర్వీకులు గోడ నేసే పీబీపీలే. నేతగాడి చేతికి పెన్సిలిన్ అతుక్కుంటే ఊడదని చెప్పుకున్నాం కదా. ఈ ఎంజైము ఒక నీటి అణువును సరిగ్గా గురిపెట్టి ఆ అతుకును విడదీయడం నేర్చింది. విడిపోయిన పెన్సిలిన్ వలయం తెరుచుకుపోయి ఉంటుంది, ఇక దేనికీ పనికిరాదు. ఎంజైము మాత్రం మళ్ళీ ఖాళీ. బాగా పనిచేసే రకమైతే ఒక్క ఎంజైము అణువు సెకనుకు వెయ్యి పెన్సిలిన్ అణువులను కోయగలదు. 1940ల చివరికే లండన్ ఆసుపత్రుల్లో స్టాఫిలోకాకస్‌లు సగం దాకా పెన్సిలిన్‌కి లొంగడం మానేశాయి. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ చూసినా వాటిలో అత్యధిక భాగం అంతే.

క్లావులానిక్ ఆసిడ్ ఆ కోసే ఎంజైముకి వేసే ఎర. స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియా నుంచి దొరికిన దీనిలోనూ అదే నాలుగు మూలల వలయం ఉంది. కోయబోయిన ఎంజైముకే ఇది అతుక్కుని ఊడదు. నేతగాడిని పెన్సిలిన్ మోసం చేసినట్టే కోసే ఎంజైమును ఇది మోసం చేస్తుంది. గొంతు నొప్పికి 625 అడిగేవాళ్ళు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. గొంతులో చీము పట్టించే గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్‌కి ఈ ఎంజైమే లేదు. ఎనభై ఏళ్ళ వాడకం తర్వాత కూడా అది పెన్సిలిన్‌కి పూర్తిగా లొంగుతూనే ఉంది. దానికి ఉత్త పెన్సిలినో, అమాక్సిసిలినో చాలు. అక్కడ క్లావులానిక్ ఆసిడ్ చేసేది పొట్ట చెడగొట్టడం, పేగుల్లోని బాక్టీరియాను అనవసరంగా వడగట్టడం, అంతే.

ఎంజైము ఒక్కటే దారి కాదు. స్టాఫిలోకాకస్ ఎంజైముకి చిక్కని మెథిసిలిన్‌ని తయారు చేసి వాడుకలోకి తెస్తే, 1961లోనే బ్రిటన్‌లో దానికీ లొంగని స్టాఫిలోకాకస్ రకం, ఎంఆర్‌ఎస్‌ఏ, కనిపించింది. అది మందును కోయలేదు. పెన్సిలిన్ అతుక్కోలేని కొత్త నేతగాడిని, పీబీపీ2ఏ అనే ఎంజైముని, తెచ్చుకుంది. అందుకే దాని మీద క్లావులానిక్ ఆసిడ్ కలిపినా ఫలితం ఉండదు, మందును ఓడిస్తున్నది కోత కానప్పుడు కాపలా ఎందుకు? ఈ.కోలై, క్లెబ్సియెల్లా లాంటి వాటికి గోడ బయట ఇంకో పొర, ఆ పొరలో చిన్న చిన్న ద్వారాలు ఉంటాయి. ద్వారాలు మూసుకోవడం, లోపలికి వచ్చిన మందును తోడిపోయడం వాటికున్న అదనపు ఉపాయాలు.

మన దేశంలో పోరు ఎక్కువగా ఈ రెండో గుంపుతోనే. సెఫ్‌ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ లాంటి మూడో తరం సెఫలోస్పోరిన్లను కోసే ఈఎస్‌బీఎల్ ఎంజైములు ఇక్కడ బాగా పాకిపోయాయి. పెద్దాసుపత్రుల నమూనాల ఆధారంగా ఐసీఎంఆర్ ఏటా ఇచ్చే నివేదికల్లో ఈ.కోలైలో ఎక్కువ భాగం ఈ మందులకు లొంగడం లేదు. అప్పుడు మెరోపెనెమ్ లాంటి కార్బపెనెమ్‌లు పట్టుకోవాల్సి వస్తుంది. వాటినీ కోసే ఎంజైమే ఎన్‌డీఎమ్, అంటే న్యూఢిల్లీ మెటల్లో-బీటా-లాక్టమేజ్. 2008లో ఢిల్లీలో ఆసుపత్రి పాలై స్వీడన్ వెళ్ళిన ఒక రోగిలో మొదట దీన్ని గుర్తించి, 2009లో ప్రకటించారు. న్యూఢిల్లీ పేరు పెట్టినందుకు మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. పేరు మీద జరిగినంత చర్చ నీళ్ళ మీద జరగలేదు. 2011లో వచ్చిన అధ్యయనంలో ఢిల్లీ వీధుల్లో నిలిచిన మురుగు నీటి నమూనాలు 171లో 51లో, కుళాయి నీటి నమూనాలు 50లో 2లో ఈ ఎంజైముని తయారుచేసే జన్యువు కనిపించింది. ఎన్‌డీఎమ్ జింకు సాయంతో పనిచేస్తుంది, దాని పద్ధతే వేరు. అందుకే క్లావులానిక్ ఆసిడ్ ఎరకు అది చిక్కదు. పైగా ఆ జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్టలో ఉంటుంది. ఒక బాక్టీరియా ఇంకో జాతి బాక్టీరియాకు ఆ చుట్టను చేతికి అందించినట్టు అందించగలదు. ఆ చుట్టలో వేరే మందులను తట్టుకునే జన్యువులూ కలిసి ఉంటాయి. ఒక మందు వాడితే ఇంకో మందుకు నిరోధకత పెరిగేది ఇలాగే.

ఇందులో మన నేల వాటా కూడా ఉంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో మందుల కంపెనీల వ్యర్థాలను శుద్ధి చేశాక బయటికి వదిలే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకూ సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకుల అధ్యయనం బయటపెట్టింది. రోగి రక్తంలో ఉండాల్సిన మోతాదు కంటే అది ఎక్కువ. సిప్రోఫ్లాక్సాసిన్ బీటా-లాక్టమ్ కాదు గానీ, కలిసి ప్రయాణించే జన్యువులకు ఆ తేడా పట్టదు. మరోవైపు పెన్సిలిన్ కుటుంబానికి ముడిసరుకైన పెన్సిలిన్-జి కోసం మన దేశం ఏళ్ళ తరబడి చైనా మీద ఆధారపడింది. కాకినాడ జిల్లాలో ఏటా 15,000 టన్నుల సామర్థ్యంతో 2024లో దాని తయారీ మొదలైంది. ఇది నిజంగా మంచి పరిణామం. ఆ ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చే కాలువలో ఏం పారుతుందో కొలిచి జనానికి చెప్పే ఏర్పాటు కూడా దానితోపాటే ఉండాలి. పటాన్‌చెరు నేర్పిన పాఠం ఇంకోచోట మొదటినుంచీ నేర్చుకోనక్కర్లేదు.

"నాకు పెన్సిలిన్ పడదు"

పెన్సిలిన్ అణువు చాలా చిన్నది. అంత చిన్నదాన్ని మన రోగనిరోధక వ్యవస్థ మామూలుగా పట్టించుకోదు. కానీ వలయం తెరుచుకుని రక్తంలోని ప్రోటీన్‌కి, ముఖ్యంగా లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న చోట, అతుక్కుంటే మన సొంత ప్రోటీనే కొత్త ముఖంతో కనిపిస్తుంది. కొందరిలో శరీరం దాన్ని శత్రువుగా గుర్తించి ఐజీ-ఈ అనే యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. ఇవి మాస్ట్ కణాల మీద కాచుకుని కూర్చుంటాయి. తర్వాతిసారి మందు రాగానే ఆ కణాలు హిస్టమిన్ వగైరాలను ఒక్కసారిగా గుమ్మరిస్తాయి. నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ గంటలోపు, ఒళ్ళంతా దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, ఆయాసం, బీపీ పడిపోవడం. ఇదే అనాఫిలాక్సిస్.

ఇది చాలా అరుదు. పెన్సిలిన్ ఇచ్చిన పది వేల సార్లలో ఒకటి నుంచి ఐదు సార్లు జరుగుతుందని అంచనా. జరిగినప్పుడు మాత్రం ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షన్, తొడ బయటి వైపు కండలోకి, వెంటనే. ఎవిల్ (ఎలర్జీ మందు), డెకడ్రాన్ (స్టెరాయిడ్) ఇంజెక్షన్లు దానికి తోడే తప్ప బదులు కావు. వాటిని చేసి తగ్గుతుందేమోనని ఎదురుచూసే పది నిమిషాలే మనిషిని తీసుకెళ్ళిపోతాయి. మనిషిని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపెట్టాలి, ఆయాసం ఎక్కువగా ఉంటే కూర్చోబెట్టవచ్చు, నడిపించకూడదు, 108 పిలవాలి.

ఇంజెక్షన్ ముందు చర్మంలో వేసే టెస్ట్ డోస్ మీద మన దగ్గర నమ్మకం చాలా ఎక్కువ. చర్మ పరీక్ష అనేది నిజమైన శాస్త్రమే, కానీ దానికి తెరుచుకున్న వలయం రూపంలో ప్రత్యేకంగా తయారు చేసిన ద్రావణాలు, సరైన మోతాదులు, పోల్చడానికి ఉప్పునీటి చుక్క, హిస్టమిన్ చుక్క కావాలి. ఇచ్చే మందునే కాస్త పల్చన చేసి గుచ్చి, ఎర్రబడిందో లేదో చూడడం దానితో సమానం కాదు. సూది గుచ్చిన మంటకే ఎర్రబడితే మంచి మందు ఆగిపోతుంది. ఎర్రబడకపోతే ఇక భయం లేదనుకుని ఎడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకోవడం మర్చిపోతారు. టెస్ట్ డోస్ చేసినా చేయకపోయినా ఇంజెక్షన్ ఇచ్చే గదిలో ఎడ్రినలిన్ చేతికి అందేలా ఉండాలి.

"పడదు" అనే తెలుగు మాట విశాలమైనది. దానిలో ఎలర్జీ ఒక్కటే లేదు. విరేచనాలైనా, నోట్లో పూత వచ్చినా, వేడి చేసిందనిపించినా, ఇంజెక్షన్ భయానికి కళ్ళు తిరిగినా "పడలేదు" అంటాం. చిన్నప్పుడు వైరల్ జ్వరానికి అమాక్సిసిలిన్ వేస్తే ఆ వైరస్ వల్ల వచ్చిన దద్దుర్లు కూడా మందు ఖాతాలో పడతాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్ జ్వరంలో అయితే ఈ మందు వేసినప్పుడు ఒళ్ళంతా ఎర్రటి మచ్చలు రావడం మామూలే, అది జీవితాంతం ఉండే ఎలర్జీ కాదు. పాశ్చాత్య దేశాల్లో ప్రతి పది మందిలో ఒకరి రికార్డులో పెన్సిలిన్ ఎలర్జీ అని ఉంటుంది. పరీక్షించి చూస్తే వాళ్ళలో 90 శాతానికి పైగా మందును హాయిగా తట్టుకుంటారు. నిజంగా ఐజీ-ఈ ఎలర్జీ ఉన్నవాళ్ళలోనూ పదేళ్ళు మందు తగలకపోతే దాదాపు 80 శాతం మందిలో అది పోతుంది.

పోనీలే, జాగ్రత్త మంచిదే కదా అనిపించవచ్చు. ఆ జాగ్రత్తకు మూల్యం ఉంది. ఎలర్జీ ముద్ర ఉన్న రోగికి డాక్టరు సూటిగా పనిచేసే పెన్సిలిన్ వదిలి, విస్తృతంగా అన్నింటినీ కొట్టే వేరే మందులు రాయాల్సి వస్తుంది. బ్రిటన్ వైద్య రికార్డుల మీద 2018లో వచ్చిన అధ్యయనంలో ఈ ముద్ర ఉన్నవాళ్ళకు ఎంఆర్‌ఎస్‌ఏ ముప్పు 69 శాతం, పేగుల్లో క్లాస్ట్రిడియం డిఫిసిల్ ఇన్ఫెక్షన్ ముప్పు 26 శాతం ఎక్కువని తేలింది. ఎలర్జీ అనే ఒక తప్పు మాట నిరోధక బాక్టీరియాను పెంచి పోషిస్తోంది.

ఇంకో అపోహ, పెన్సిలిన్ పడకపోతే సెఫలోస్పోరిన్లూ పడవని. వలయం ఒకటే అయినా ఎలర్జీ యాంటీబాడీలు చాలాసార్లు గుర్తుపట్టేది వలయానికి పక్కన వేలాడే కొమ్మను. ఆంపిసిలిన్‌కీ సెఫలెక్సిన్‌కీ ఒకే కొమ్మ ఉంటుంది, అమాక్సిసిలిన్‌కీ సెఫాడ్రాక్సిల్‌కీ ఒకటే ఉంటుంది. కాబట్టి అక్కడ జాగ్రత్త అవసరం. ఆపరేషన్ ముందు ఇచ్చే సెఫజోలిన్ కొమ్మ దేనితోనూ కలవదు. పెన్సిలిన్ ఎలర్జీ ఉన్నవాళ్ళలో సెఫలోస్పోరిన్ కూడా పడనివాళ్ళు మొత్తమ్మీద 2 శాతం దాకా, కార్బపెనెమ్‌లు పడనివాళ్ళు 1 శాతం లోపే.

అందుకే "పెన్సిలిన్ ఎలర్జీ" అని రెండు మాటలు రాసి వదిలేయడం కంటే ఏ మందు, ఏ ఏడాది, ఎన్నో డోసుకి, ఎంతసేపటికి, ఏమైంది, ఆసుపత్రిలో ఏం చేశారు అన్నవి కాగితం మీద రాసి దాచుకోవడం ఎంతో మేలు. చర్మం ఊడిపోవడం, నోట్లో కళ్ళలో పుళ్ళు పడడం, కాలేయం దెబ్బతినడం లాంటివి జరిగుంటే ఆ మందు జోలికి మళ్ళీ పోకూడదు, పరీక్ష కోసం కూడా. అలాంటివేమీ లేని, ముప్పు తక్కువని లెక్కకట్టిన 377 మందితో చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. నేరుగా నోటి ద్వారా మందు ఇచ్చిన గుంపులో ఒకరికి, ముందు చర్మ పరీక్ష చేసిన గుంపులో ఒకరికి మాత్రమే రియాక్షన్ వచ్చింది. ఇది డాక్టరు ఎదుట, ఎడ్రినలిన్ పక్కన పెట్టుకుని చేసే పని. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు.

ఈ భయం ఎక్కువగా దెబ్బకొట్టేది రుమాటిక్ గుండె జబ్బు పిల్లలను. గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ గొంతుకు మళ్ళీ మళ్ళీ వస్తే గుండె కవాటాలు పాడైపోవచ్చు. అది రాకుండా ఆపేది మూడు నాలుగు వారాలకోసారి వేసే బెంజాథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్, ఏళ్ళ తరబడి. అంత చవకైన మందు, అంత బాగా పనిచేసే మందు, రియాక్షన్ వస్తుందేమోనన్న టెన్షన్‌తో చాలా చోట్ల వేసేవాళ్ళు లేక ఆగిపోతోంది. ఇంజెక్షన్ తర్వాత జరిగిన మరణాలు కొన్ని ఎలర్జీ వల్ల కాక, అప్పటికే బాగా దెబ్బతిన్న గుండె తట్టుకోలేక జరిగి ఉండవచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో చెప్పింది. కవాటాలు తీవ్రంగా పాడైనవాళ్ళకు నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ మేలని సూచించింది. అంటే ఎవరికి ఇంజెక్షన్, ఎవరికి బిళ్ళలు అన్నది గుండె పరీక్ష చూసి తేల్చాల్సిన విషయం. అందరికీ ఆపేయడం మాత్రం సమాధానం కాదు.

పెన్సిలిన్ తప్ప గతిలేని పరిస్థితి ఇంకొకటి ఉంది. గర్భిణికి సిఫిలిస్ ఉంటే కడుపులో బిడ్డను కాపాడేదిగా వైద్యశాస్త్రం సిఫారసు చేసే మందు ఇదొక్కటే. ఆమెకు నిజంగా పెన్సిలిన్ ఎలర్జీ ఉంటే ఆసుపత్రిలో డీసెన్సిటైజేషన్ చేస్తారు. అసలు మోతాదులో వెయ్యో వంతు కంటే తక్కువతో మొదలుపెట్టి, కొద్ది నిమిషాలకోసారి దాదాపు రెట్టింపు చేసుకుంటూ, కొన్ని గంటల్లో పూర్తి మోతాదుకి చేరుకుంటారు. మాస్ట్ కణాలు అంత నెమ్మదిగా వచ్చిన మందుకు ఉలిక్కిపడవు. శరీరంలో మందు ఉన్నంతకాలమే ఈ ఓర్పు. ఆపేసిన కొన్నాళ్ళకు ఎలర్జీ యథాస్థానానికి వస్తుంది, మళ్ళీ పెన్సిలిన్ కావాల్సి వస్తే మళ్ళీ ఆ మొదటి చుక్క నుంచే మొదలుపెట్టాలి.